నల్లరేగడి దారిలో – 9: ఇంట్లో ఒక మాట, వీధిలో ఒక మాట

మదురై దాటి రైలు దక్షిణానికి మళ్ళిన కాసేపటికి కిటికీ అవతల నేల రంగు మారుతుంది. ఎర్రమట్టి తగ్గి నల్లరేగడి మొదలవుతుంది. ఎండాకాలం నెర్రెలు విచ్చి, నాలుగు చినుకులు పడితే కాలి చెప్పును ఊడబెరుక్కునే నేల. నంద్యాల రైతుకీ ఆదిలాబాదు రైతుకీ ఈ మట్టిని ఎవరూ పరిచయం చెయ్యనక్కర్లేదు. తమిళులు దీన్ని కరిసల్ అంటారు. విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టి ఈ కరిసల్ మీద రైలుపట్టాల వెంట వరసగా వచ్చే ఊళ్ళు. మొదటి ఊరి నుంచి చివరి ఊరికి సుమారు 50 కిలోమీటర్లు.

గత వారం శ్రీవిల్లిపుత్తూరులో ఆగాం. 1509 నుంచి 1529 దాకా విజయనగరాన్ని ఏలిన కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద కథను ఆ ఊళ్ళోనే నడిపించాడనీ, తిరుమల బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ నాటికి ఆండాళ్ మాల ఈనాటికీ అక్కణ్ణుంచే కొండకు వెళుతుందనీ చెప్పుకున్నాం. అది కావ్యానికెక్కిన తెలుగు. ఈ వారం చెప్పబోయేది కాగితానికి ఎక్కని తెలుగు. వంటింట్లో, గొడ్లపాకలో, పెళ్ళిపందిట్లో తరతరాలుగా బతుకుతూ, గడప దాటగానే తమిళానికి దారిచ్చే తెలుగు. ఇంట్లో ఒక మాట, వీధిలో ఒక మాట. ఈ రెండింటి మధ్య తగవు లేకుండా ఈ ఊళ్ళు ఇంతకాలం ఎలా నెట్టుకొచ్చాయన్నది నన్ను ఏళ్ళుగా పట్టి లాగుతున్న ప్రశ్న.

ముందు విరుదునగర్‌లో దిగుదాం.

ఈ ఊరి పాత పేరు విరుదుపట్టి. 1923లో విరుదునగర్ అయింది. తమిళంలో ‘విరుదు’ అంటే మన ‘బిరుదే’. ఊళ్ళో చెప్పుకునే కథ ఒకటుంది. ఎక్కడెక్కడి వీరులనో ఓడించి, వాళ్ళ బిరుదు జెండాలన్నీ మోసుకుంటూ తిరిగే ఒక యోధుడు ఇక్కడికి వచ్చి, నన్ను గెలిచేవాడెవడని సవాలు చేశాడట. ఈ ఊరివాడొకడు ఎదురు నిలిచి అతన్ని పడగొట్టాడు. ఆ జెండాలన్నీ ఊరికి దక్కాయి, వాటితోపాటు పేరూ దక్కింది. చరిత్రకు నిలిచే కథ కాకపోవచ్చు. అయితే ఈ ఊరు నిజంగా గెలిచిన యుద్ధం కత్తితో చేసింది కాదు, తరాజుతో చేసింది.

విరుదునగర్ అంగడి ఊరు. మిరపకాయలు, ధనియాలు, పప్పులు, నువ్వులనూనె, పత్తి చుట్టుపక్కల మెట్టపొలాల నుంచి ఇక్కడికే చేరేవి. ఏ రోజుకారోజు విరుదునగర్ మార్కెట్ ధరలు తమిళ పత్రికల్లో అచ్చవుతాయి. దూరాన ఉన్న కిరాణా కొట్టువాళ్ళు కూడా వాటిని చూసుకుని తమ ధర కట్టుకుంటారు. 1870లలో మదురై నుంచి తూత్తుకుడి రేవుకు రైలుదారి పడ్డాక ఊరికి ఊపు వచ్చింది. బస్తాలు మోసే హమాలీల కేకలు, మిరపఘాటుకు ఆగని తుమ్ములు, గానుగ దగ్గర కొత్త నూనె వాసన. రాత్రయితే నూనెలో మునిగి తేలే పరోటా. విరుదునగర్ పరోటాను పెనం మీద కాల్చి వదిలెయ్యరు, లోతైన నూనెలో కరకరలాడేదాకా వేయిస్తారు. నూనె ఊరు కదా, చేతికి ఎముక ఉండదు.

ఈ అంగడిని నిలబెట్టింది ప్రధానంగా నాడార్లు. తాటిచెట్టు ఎక్కి కల్లు, పానకం దించే కులంగా, గుళ్ళోకి రానీయకుండా వెలుపల నిలబెట్టిన కులంగా 19వ శతాబ్దంలోకి వచ్చినవాళ్ళు. వ్యాపారంలోకి దిగాక వాళ్ళు కట్టుకున్న ఏర్పాటు పేరు ‘ఉఱవిన్‌ముఱై’, అంటే చుట్టరికపు కట్టుబాటు. అమ్మిన ప్రతి బస్తా మీద కొంత ‘మహిమై’ అని పక్కన పెట్టేవారు. ఆ డబ్బుతో సత్రాలు, బావులు, బడులు వెలిశాయి. క్షత్రియ విద్యాశాల అనే బడి అలా పుట్టిందే. దాన్ని నడపడానికి ఇంటింటా రోజూ అన్నం వండేముందు ఒక పిడికెడు బియ్యం తీసి పక్కన కుండలో వేసేవారు. ‘పిడి అరిసి’ అంటారు దాన్ని. 1903 జూలై 15న ఈ ఊళ్ళో పుట్టిన కామరాజ్ చదివిన కాస్త చదువూ ఆ పిడికెడు బియ్యం బళ్ళోదే. ఆయన ముఖ్యమంత్రి అయ్యాక రాష్ట్రమంతటా బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం పెట్టించాడంటే, ఆ ఆలోచనకు వేరు ఎక్కడుందో వెతకడానికి నేను విరుదునగర్ వంటిళ్ళు దాటి పోను.

విరుదునగర్‌లో తెలుగువాళ్ళు తప్పక ఆగవలసిన చోటు ఇంకొకటుంది, దేశబంధు మైదానం. 1956 జూలై 27న శంకరలింగనార్ అనే వృద్ధ గాంధేయవాది ఈ ఊళ్ళో నిరాహార దీక్షకు కూర్చున్నాడు. మద్రాసు రాష్ట్రానికి ‘తమిళనాడు’ అని పేరు పెట్టాలన్నది ఆయన కోరికల్లో ప్రధానమైంది. 75 రోజులకు పైగా అన్నం ముట్టలేదు. అక్టోబరు 13న ప్రాణం వదిలాడు. దానికి నాలుగేళ్ళ ముందు, 1952లో, పొట్టి శ్రీరాములు మద్రాసులో 58 రోజులు ఉపవాసం ఉండి డిసెంబరు 15న కన్నుమూశాడు. ఆ పేరు మనలో ప్రతి పిల్లాడికీ తెలుసు. ఈయన పేరు తెలుగునాట వినపడదు. ఇద్దరూ గాంధీని నమ్మినవాళ్ళు, ఇద్దరూ భాష పేరు మీద ఆకలితో పోయినవాళ్ళు. శంకరలింగనార్ కోరిన పేరు 1969 జనవరి 14న, అణ్ణాదురై ముఖ్యమంత్రిగా ఉండగా వచ్చింది. ఒక త్యాగాన్ని తలుచుకునే నోటితో రెండోదాన్నీ తలుచుకోవాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

*

సాత్తూరులో రైలు ఆగితే కారం సేవు పొట్లాలతో కిటికీల దగ్గరికి వస్తారు. ఆ పొట్లం కొనుక్కుని కోవిల్‌పట్టి దాకా నములుకుంటూ పోవచ్చు. ఈలోగా అసలు తెలుగువాళ్ళు ఇంత దక్షిణానికి ఎందుకొచ్చారో మాట్లాడుకుందాం.

ఇక్కడి తెలుగు కుటుంబాలను, ఏ కులమైనా సరే, మీ పెద్దలు ఎక్కణ్ణుంచి వచ్చారని అడిగితే తరచూ వినబడే కథ ఒకటే. ఉత్తరాన మన ఇంట ఒక అందగత్తె పుట్టింది. ఒక ముస్లిం పాలకుడు పిల్లను ఇమ్మని కబురంపాడు. ఇవ్వడం ఇష్టం లేక రాత్రికి రాత్రి బళ్ళు కట్టారు. వెనక సైన్యం, ముందర పొంగే నది. అప్పుడు రెండు గట్ల మీది కానుగ చెట్లు వంగి ఒకదాన్నొకటి తాకి వంతెనయ్యాయి. మనవాళ్ళు దాటాక చెట్లు లేచి నిలబడ్డాయి. 1909లో ఎడ్గార్ థర్స్టన్ తన కులాల వివరణలో కంబళత్తు నాయక్కర్ల దగ్గర ఈ కథనే రాసుకున్నాడు. 67 ఏళ్ళ తరవాత కి. రాజనారాయణన్ ‘గోపల్ల గ్రామం’ నవలలోనూ వంగే చెట్టు, దాటే జనం ఉన్నారు.

ఇన్ని కులాల ఇంట ఒకే అందగత్తె పుట్టి ఉండదు. ఊరు వదిలి వచ్చిన జనం తమ రాకకు ఒక గౌరవమైన కారణం చెప్పుకుంటారు. కూటి కోసం వచ్చామనడం కంటే మానం కోసం వచ్చామనడం మేలనిపిస్తుంది. నమోదైన చరిత్ర చూస్తే 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడు మదురై గద్దె ఎక్కాడు. ఆయన, ఆయన దళవాయి అరియనాథ ముదలియార్ కలిసి దేశాన్ని 72 పాళెములుగా పంచారని ప్రతీతి. సైన్యంతో వచ్చిన తెలుగు నాయకులు చాలా పాళెములకు దొరలయ్యారు. వాళ్ళ వెనుక సేద్యం చేసేవాళ్ళు, కమసాలులు, తోలుపనివాళ్ళు, కోమట్లు వచ్చారు. తిరునెల్వేలి సీమ రైతుల చరిత్ర రాసిన డేవిడ్ లడ్డెన్ 1985 నాటి పుస్తకంలో ఒక సంగతి చూపించాడు. తామ్రపర్ణి ఒడ్డు మాగాణి అప్పటికే నిండిపోయింది. ఖాళీగా ఉన్నది నీళ్ళు లేని నల్లనేల. ఆ నేలను దున్ని పత్తి పండించడం ‘వడుగులకు’, అంటే ఉత్తరాది నుంచి దిగిన తెలుగువాళ్ళకు తెలుసు. నా మటుకు నాకు ఈ జవాబే సబబుగా తోస్తుంది. వాళ్ళు పరాయి దేశంలోకి రాలేదు, తెలిసిన మట్టిని వెతుక్కుంటూ వచ్చారు. భాష మారినా మట్టి మారలేదు. సజ్జ, జొన్న, పత్తి, కంది. వాన కోసం ఆకాశం వంక చూడటం కూడా అదే.

మట్టి ఒకటే కాబట్టి సేద్యం మాటలు అలాగే నిలిచాయి. ఇక్కడి ఇంటి తెలుగులో ఎడ్లూ, మడకా, పొయ్యీ, బువ్వా, మేనత్తా, మేనమామా చెక్కుచెదరలేదు. బడీ, కచేరీ, ఓటూ, డాక్టరూ వచ్చేసరికి మాట తమిళంలోకి మళ్ళుతుంది. మధ్యలో లిపి జారిపోయింది. తెలుగు మాట్లాడే చాలా ఇళ్ళలో తెలుగు చదివేవాళ్ళు లేరు. 2006లో తమిళాన్ని బళ్ళలో తప్పనిసరి చేసే చట్టం వచ్చేనాటికి ఇక్కడ పోగొట్టుకోవడానికి మిగిలిందే తక్కువ.

*

కోవిల్‌పట్టి స్టేషన్ బయట ముందు ముక్కుకు తగిలేది బెల్లప్పాకం వాసన.

కడలై మిఠాయి అంటారు. మనం పల్లీపట్టి అనేదానికి పెద్దక్క. పల్లీలు వేయించి, పొట్టు ఊది, బద్దలు చేసి, పాకం సరిగ్గా ముదిరిన క్షణంలో కలిపి, బల్ల మీద పరిచి కర్రతో ఒత్తి, వేడి చల్లారకముందే కోస్తారు. ఆలస్యమైతే పగులుతుంది, తొందరపడితే సాగుతుంది. ఒకప్పుడు ఇది తాటిబెల్లంతో చేసేవారు. 1940లలో పొన్నంబల నాడార్ అనే కొట్టుయజమాని చెరకుబెల్లానికి మారాడని చెబుతారు. అప్పటి నుంచి తేని వైపు బెల్లం, ఈ నల్లనేల పల్లీ, తామ్రపర్ణి నీళ్ళు కలిస్తేనే ఆ రుచి అని ఊరి నమ్మకం. 2020 ఏప్రిల్‌లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. తిరుపతి లడ్డుకు ఉన్నట్టే చిక్కీముక్కకు కూడా ఊరి పేరు చట్టంలో దక్కింది. చిత్రం ఏమిటంటే వేరుశనగ ఈ దేశపు గింజ కాదు, దక్షిణ అమెరికా నుంచి సముద్రం దాటి వచ్చింది. వలస వచ్చిన గింజ వలస వచ్చిన జనం సాగు చేసే నేలలో ఊరి గుర్తుగా మారింది.

కోవిల్‌పట్టి అంటే గుడి ఊరు. చెన్బగవల్లి అమ్మవారు, పూవననాథర్ కొలువైన గుడి చుట్టూ పాత వీధులు. ఆ వీధులను చుట్టుకుని మిల్లులు. కోయంబత్తూరులో 1910లో తెలుగువాడైన జి. కుప్పుస్వామి నాయుడు మొదలుపెట్టిన లక్ష్మీ మిల్స్ ఇక్కడా ఒక నూలుమిల్లు నడిపింది. పత్తి మీద పరిశోధన కోసం 1901లోనే ఇక్కడ ప్రభుత్వ వ్యవసాయ కేంద్రం వెలిసింది. అగ్గిపెట్టెల సంగతి అందరికీ తెలిసిందే. శివకాశి నుంచి అయ్య నాడార్, షణ్ముగ నాడార్ 1920ల మొదట్లో కలకత్తా వెళ్ళి పని నేర్చుకొచ్చాక ఆ పరిశ్రమ సాత్తూరు, కోవిల్‌పట్టిలకూ పాకింది. వానలు నమ్మలేని నేలకు పొడిగాలి వరమైంది, అగ్గిపుల్లకు తడి పడదు కాబట్టి. పుల్లలు చట్రంలో పేర్చి, పెట్టెలు అతికించిన చేతులు ఎక్కువగా ఆడవాళ్ళవి, ఒకప్పుడు పిల్లలవి కూడా. సాయంత్రం మైదానంలో హాకీ కర్రల చప్పుడు. క్రికెట్ పిచ్చి పట్టిన దేశంలో హాకీని వదలని చిన్న ఊళ్ళలో ఇదొకటి.

ఇక ఈ ఊరికి దక్షిణంగా తిరునెల్వేలి దారిలో పది కిలోమీటర్ల లోపు ఇడైసెవల్ అనే పల్లె ఉంది. అక్కడ ఏడాది తేడాతో ఇద్దరు పిల్లలు పుట్టారు. 1922 సెప్టెంబరులో కి. రాజనారాయణన్, 1923 సెప్టెంబరులో కు. అళగిరిసామి. మొదటివాడు నాయక్కర్ల ఇంటివాడు, రెండోవాడు కమసాలి ఇంటివాడు. ఇద్దరి ఇంటి మాటా తెలుగే. ఒకే పల్లె, ఒకే ఈడు, ఒకే స్నేహం. ఇద్దరూ తమిళ కథకు మూలస్తంభాలయ్యారు. అళగిరిసామి 1970 జూలైలో చిన్న వయసులోనే పోయాడు. ఆ ఏడాదే ‘అన్బళిప్పు’ కథలకు ఆయనకు సాహిత్య అకాడెమీ పురస్కారం ప్రకటించారు. రాజనారాయణన్ ‘గోపల్లపురత్తు మక్కళ్’ నవలకు 1991లో అదే పురస్కారం అందుకున్నాడు. కి.రా. బడిచదువు కూడా పూర్తి చేయనివాడు. సేద్యం చేసుకుంటూ, రైతు ఉద్యమాల్లో జైలుకు పోయి వచ్చి, కరిసల్ పల్లెల మాటలన్నీ పోగేసి ఒక మాండలిక నిఘంటువు తెచ్చాడు. తరవాత పుదుచ్చేరి విశ్వవిద్యాలయం ఆయన్ను పిలిచి జానపద సాహిత్యం చెప్పించుకుంది. 2021 మే 17న ఆయన పుదుచ్చేరిలో కన్నుమూస్తే ప్రభుత్వ లాంఛనాలతో ఇడైసెవల్‌లోనే దహనం చేశారు. కోవిల్‌పట్టిలో ఇప్పుడు ఆయనకు స్మారక భవనం ఉంది.

నాకు ఆయన పుస్తకాల్లో అన్నింటికన్నా విలువైనది ఒక సంగతి. ఆయన రాసింది తమిళం. అందులో నడిచే ఇల్లు తెలుగు. అవ్వ దగ్గర విన్న కథలను ఆమె మాట వాలు పోకుండా ఇంకో భాషలో పెట్టడానికి ఆయన పుస్తకాల తమిళాన్ని పక్కన పెట్టి పల్లె తమిళాన్ని తెచ్చుకున్నాడు. తమిళ కథకు నోటిమాట జీవం వచ్చింది ఆ అవసరంలోంచే. తెలుగు ఇల్లు తమిళానికిచ్చిన అరణం అది. కోవిల్‌పట్టి మట్టి అక్కడితో ఆగలేదు. 2014లో పూమణి, 2019లో చో. ధర్మన్ అదే పురస్కారం తెచ్చారు. వాళ్ళవీ ఈ చుట్టుపక్కల పల్లెలే. నాలుగు అకాడెమీ పురస్కారాలు ఒక తాలూకా చుట్టుకొలతలో! వాన కురవని చోట కథ కురిసింది.

*

కోవిల్‌పట్టికి తూర్పున 15 కిలోమీటర్ల దూరంలో ఎట్టయాపురం. దక్షిణంగా కయత్తారు. ఈ రెండు పేర్లూ తమిళుల నోట పక్కపక్కనే రావు. కయత్తారులో 1799 అక్టోబరు 16న పాంచాలంకురిచ్చి పాళెగాడు వీరపాండ్య కట్టబొమ్మన్‌ను మేజర్ బానర్మన్ ఉరితీయించాడు. కప్పం కట్టనని ఎదురు తిరిగిన నేరం. 1959లో శివాజీ గణేశన్ నటించిన సినిమా ద్వారా మనకూ ఆయన ‘కట్టబ్రహ్మన’గా తెలుసు. ఆ ఎదురుతిరుగుబాటులో ఎట్టయాపురం పాళెగాడు ఇంగ్లీషువాళ్ళ పక్షం నిలిచాడు. అప్పటి నుంచి తమిళంలో ‘ఎట్టప్పన్’ అంటే ద్రోహి అని అర్థం. ఇద్దరూ కంబళత్తు నాయక్కర్లే. ఇద్దరి ఇంట జక్కమ్మ కొలుపే, ఇద్దరి ఇంట తెలుగే. ఒకడు చింతచెట్టుకు వేలాడాడు, ఇంకొకడి వంశం జమీందారీ అయింది.

ఆ తీర్పును తిరగరాయాలని నాకు లేదు. కానీ అదే ఎట్టయాపురంలో ఒక పూట తిరిగి చూడండి. ఊరు ఎంత చిన్నదంటే గంటలో చుట్టి రావచ్చు. అందులో ఉమరుప్పులవర్ సమాధి ఉంది. ప్రవక్త మహమ్మదు చరిత్రను ‘సీఱాప్పురాణం’గా తమిళంలో రాసిన 17వ శతాబ్దపు కవి ఆయన, ఈ ఆస్థానంలో పెరిగినవాడు. 1882 డిసెంబరు 11న సుబ్రహ్మణ్య భారతి పుట్టిన ఇల్లు ఉంది. పదకొండేళ్ళ పిల్లాడికి ‘భారతి’ అనే బిరుదు దొరికింది ఈ ఊళ్ళోనే. ఆయన తండ్రి చిన్నస్వామి అయ్యర్ ఇక్కడ పత్తిజిన్ను మిల్లు పెట్టి చితికిపోయాడు. ముత్తుస్వామి దీక్షితార్ సమాధి ఉంది. 1835 నరక చతుర్దశి నాడు ఆయన ఇక్కడే దేహం వదిలాడు. కరవుతో మాడుతున్న ఈ సీమలో ఆయన అమృతవర్షిణి రాగంలో ‘ఆనందామృతకర్షిణి’ పాడితే వాన కురిసిందని ఈ నేల వాళ్ళు చెప్పుకుంటారు. నల్లరేగడి మీద బతికే జనం ఇంకెలాంటి కథ అల్లుకుంటారు?

దీక్షితార్ తమ్ముడు బాలుస్వామి దీక్షితార్ ఎట్టయాపురం ఆస్థాన విద్వాంసుడు. తన కూతురి కొడుకునే దత్తత తీసుకుని పెంచాడు. ఆ కుర్రవాడు సుబ్బరామ దీక్షితార్, 1839లో పుట్టాడు. ముత్తుస్వామి దీక్షితార్ కృతులు అప్పటికి శిష్యుల గొంతుల్లోనూ ఇంటి తాళపత్రాల్లోనూ మాత్రమే ఉన్నాయి. మద్రాసు నుంచి ఎ.ఎం. చిన్నస్వామి ముదలియార్ అనే క్రైస్తవుడు వచ్చి, ఈ విద్య మీతోనే పోకూడదని పట్టుబట్టాడు. సంగీతాన్ని పాశ్చాత్య స్వరలిపిలో అచ్చు వెయ్యడానికి తన కళ్ళూ డబ్బూ ధారపోసినవాడు ఆయన. జమీందారును కూడా ఒప్పించాడు. పని పూర్తయ్యేసరికి ముదలియార్ లేడు. 1904లో ఎట్టయాపురం సంస్థానం వారి విద్యావిలాసిని ముద్రాక్షరశాలలో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ అచ్చయింది. వెయ్యి పేజీలు దాటిన గ్రంథం. వేంకటమఖి సంప్రదాయం ప్రకారం 72 మేళాలు, వాటి రాగాలు, లక్షణాలు, గమకాలకు విడివిడి గుర్తులు, విద్వాంసుల జీవితచరిత్రలు.

అదంతా తెలుగు లిపిలో, తెలుగు వచనంలో.

రచయిత తమిళ దేశపు బ్రాహ్మణుడు. పోరు పెట్టింది తమిళ క్రైస్తవుడు. డబ్బు పెట్టింది తెలుగు జమీందారు. ఊరు నడిబొడ్డు తమిళ ఊరు. అయినా ఎవరికీ ఇది తెలుగులో ఎందుకు అన్న ప్రశ్న రాలేదు, అప్పటికి సంగీతం భాష అదే కాబట్టి. 1906లో సుబ్బరామ దీక్షితార్ పోయినప్పుడు ఆ ఊరి భారతి తమిళంలో విలపించాడు. నేను ఎట్టయాపురం వీధిలో నిలబడి ఆలోచించేది ఒక్కటే. ఈ వీధిలో తెలుగు అక్షరాలు పేర్చి అచ్చు వేసినవాళ్ళు ఉండేవారు. ఈ వీధిలో ఇవాళ తెలుగు మాట్లాడే ఇళ్ళు ఉన్నాయి. ఆ ఇళ్ళలో ఆ పుస్తకం తెరిచి చదవగలిగినవాళ్ళు ఎవరూ ఎదురుకారు. తరవాత మద్రాసు మ్యూజిక్ అకాడెమీ దాన్ని తమిళ లిపిలోకి ఎక్కించింది. ఈ ఊరి పిల్లలు తమ ఊరి పుస్తకాన్ని చదువుకోవాలంటే అదే దిక్కు. ఆ అకాడెమీకి చెయ్యెత్తి దండం పెట్టడం మినహా నాకు వేరే మాట లేదు.

లిపి పోయిన చోట ఒంట్లో మిగిలిన తెలుగు కూడా ఉంది. ఇదే తాలూకాల్లోని జమీన్ కోడంగిపట్టి అనే పల్లెలో కంబళత్తు నాయక్కర్లు దేవరాట్టం ఆడతారు. దేవదుందుభి అనే వాద్యం మోగుతుంది. కాళ్ళకు గజ్జెలు, చేతిలో రుమాళ్ళు. మగవాళ్ళు వరసగా నిలిచి, వాద్యం చెప్పిన అడుగు వేస్తారు. పాట ఉండదు. మాట లేని చోట ఏ భాష వాళ్ళయినా కూర్చుని చూడొచ్చు. పెళ్ళిళ్ళకీ కొలుపులకీ ఆడే ఆ ఆట ఇప్పుడు బడుల్లో, యువజనోత్సవాల్లో అన్ని కులాల పిల్లలూ నేర్చుకుంటున్నారు.

*

వీధి ఎవరిదన్న ప్రశ్నను ఇక్కడి చరిత్ర తేలిగ్గా వదల్లేదు. కోవిల్‌పట్టికి పడమట 20 కిలోమీటర్ల దూరంలో కళుగుమలై. 8వ శతాబ్దపు పాండ్యులు కొండను పైనుంచి తొలిచిన వెట్టువన్ కోవిల్, జైనుల శిల్పాలు చూడటానికి దేశదేశాల నుంచి వస్తారు. కింద మురుగన్ గుడి, దాని చుట్టూ రథవీధి. ఈ గుడికి కావడి మోసుకుంటూ పాదయాత్ర చేసేవాళ్ళ అడుగుకు సరిపడేటట్టు ‘కావడిచ్చిందు’ రాసిన అణ్ణామలై రెడ్డియార్ తెలుగు రెడ్ల ఇంటివాడు. ఊత్తుమలై జమీ ఆదరణలో పాడాడు. తమిళనాట ఇప్పటికీ ఆ దరువు మీద వీధులు నడుస్తాయి.

అదే రథవీధిలో 1895లో నెత్తురు పారింది. డబ్బూ చదువూ సంపాదించుకున్న నాడార్లు ఈ వీధుల్లో తమ ఊరేగింపు నడిపించుకుంటామన్నారు. ఎట్టయాపురం జమీ, పైకులాలు కాదన్నాయి. కొందరు నాడార్లు క్రైస్తవంలోకి మారారు. గొడవ హత్యల దాకా పోయింది. నాలుగేళ్ళకు, 1899లో, శివకాశి తగలబడింది. పూమణి ‘అఞ్ఞాడి’ నవల ఆ రోజులనే తవ్వి తీసింది. 1895లో వీధిలో నడవొద్దన్న కులం నుంచే 1954లో రాష్ట్రానికి ముఖ్యమంత్రి వచ్చాడు. 59 ఏళ్ళు. అందులో విరుదునగర్ పిడికెడు బియ్యం ఎంత, మహిమై ఎంత, ఉద్యమం ఎంత అన్నది విడదీసి చెప్పడం కష్టం. నేను చెప్పగలిగింది, ఆ హక్కు ఎవరూ ఇచ్చింది కాదు.

ఇంకా నడక పూర్తికాని వాళ్ళున్నారు. ఈ వ్యాసానికి ‘ఇంట్లో ఒక మాట, వీధిలో ఒక మాట’ అని పేరు పెట్టి మొదలుపెట్టినప్పుడు నేను దొరల ఇళ్ళనీ రైతుల ఇళ్ళనీ మనసులో పెట్టుకున్నాను. కానీ నాయకుల సైన్యం వెనుక తోలుపనివాళ్ళూ వచ్చారని పైన ఒక్క మాటతో దాటేశాను. వాళ్ళు అరుంధతియర్లు. మన మాదిగలతో చుట్టరికం కలిసేవాళ్ళు. బావుల్లోంచి ఎడ్లతో నీళ్ళు తోడే మోటకు తోలుబాన కుట్టింది వాళ్ళు. కరిసల్ మీద తోటపంట పండిందంటే ఆ కుట్టు గట్టిదనం వల్ల. కరెంటు మోటార్లు వచ్చి మోట పోయాక ఆ పని పోయింది. పట్టణాలకు చేరిన కుటుంబాలకు మునిసిపాలిటీలు ఇచ్చింది చీపురు. 2009లో తమిళనాడు ప్రభుత్వం వాళ్ళకు షెడ్యూల్డ్ కులాల కోటాలో 3 శాతం విడిగా కేటాయించింది. మన మాదిగ దండోరా 1994 నుంచి అడుగుతూ వచ్చిన వర్గీకరణ అదే. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం అలాంటి వర్గీకరణ చెల్లుతుందని తేల్చిన రోజున హైదరాబాదులోనూ తమిళనాట అరుంధతియర్ వాడల్లోనూ ఒకే తీర్పు చేరింది.

ఈ వాడల్లో ఇంటి మాట తెలుగు. జమీందారుల కోటలు కూలాయి, వాళ్ళ ఆస్థానపు అచ్చుయంత్రం ఆగిపోయింది, మిల్లుల యజమానుల పిల్లలు ఇంగ్లీషులోకి మళ్ళారు. అయినా తెల్లవారుజామున నాలుగున్నరకు, కడలై మిఠాయి కొట్లు తలుపు తీయకముందు, చెన్బగవల్లి అమ్మవారి గుడిగంట మోగకముందు, చీపుర్లూ తోపుడుబండ్లూ పట్టుకుని వీధిలోకి వచ్చే ఆడవాళ్ళు ఒకరినొకరు పిలుచుకునే మాట తెలుగు. ఊరు లేచి తమిళంలోకి రావడానికి ఇంకా గంట ఉంటుంది. ఆ గంట సేపు కోవిల్‌పట్టి వీధి మాట కూడా తెలుగే.

(వచ్చే వారం: రాజపాళయం రాజులు)